రాకుమారి నిలోఫరు

ఆసియా ఐరోపా ఖండముల నడుమ, సముద్రపు పాయకు ఇరుప్రక్కల వెలసిన మహానగరము ఇస్తాంబూలు. అది చిరకాలము తురుష్క సామ్రాజ్యమునకు రాజధానిగా నుండెను. ఆ నగరమందలి గ్యోజ్‌టెపె అను చోట నున్న రాజభవనమున 1916వ సంవత్సరము జనవరి 4వ తేదీన ఒక ఆడశిశువు జన్మించెను. తల్లి ఆదిలె సుల్తాను, తురుష్క చక్రవర్తియైన ఐదవ మురాదు కుమారుని కూతురు. తండ్రి సలాహుద్దీన్ బే. వారు ఆ శిశువునకు నిలోఫరు అని పేరిడిరి. పారసీక భాషలో ఆ మాటకు కలువపూవు అని అర్థము. సంస్కృతమందలి నీలోత్పల శబ్దమే రూపము మారి అచటికి చేరినదని భాషావేత్తలు చెప్పుదురు. భారతదేశపు మాటను పేరుగా ధరించి పుట్టిన ఆ బాలిక పదునైదేండ్లు గడచిన పిదప భారతదేశమునకే కోడలుగా వచ్చెను.

నిలోఫరు జీవితము పుట్టుకనుబట్టి సుఖముగా సాగవలసినది. కాని ఆమెకు రెండేండ్ల ప్రాయమున తండ్రి మరణించెను. అప్పటికే మొదటి ప్రపంచయుద్ధమున తురుష్కులు ఓడిపోయి, సామ్రాజ్యము ముక్కలగుచుండెను. 1922లో సుల్తాను పదవి రద్దయ్యెను. రాజ్యాధికారము లేకుండ, మతగురువైన ఖలీఫా పదవిని మాత్రము అబ్దుల్ మజీదు అను రాకుమారున కిచ్చిరి. అదియు నిలువలేదు. 1924 మార్చి 3వ తేదీన కొత్త ప్రభుత్వము ఖలీఫా పదవిని సైతము తొలగించి, రాజవంశీయులందరును దేశము విడిచి పోవలసినదని శాసించెను. ఆరువందల యేండ్లు ఏలిన వంశము కొలది దినములలో పరదేశముల పాలయ్యెను. ఎనిమిదేండ్ల నిలోఫరు తల్లి చేయి పట్టుకొని ఫ్రాన్సు దేశపు దక్షిణ తీరమందలి నీసు పట్టణమునకు చేరెను.

నీసు మధ్యధరా సముద్రపు టొడ్డున నున్న అందమైన పట్టణము. ఐరోపాలోని ధనికులు చలికాలమున అచటికి వచ్చి విడియుచుందురు. ఖలీఫా అబ్దుల్ మజీదు కూడ తన కుటుంబముతో అచటనే స్థిరపడెను. ఆ ప్రవాసులకు రాజ్యము లేదు, కోశము లేదు, సేన లేదు. మిగిలినది వంశమర్యాద యొక్కటియే. ఎవరికి ఎట్లు నమస్కరింపవలయునో, ఎవరి యెదుట ఎట్లు కూర్చుండవలయునో, పెండ్లికి ఎవరి యనుమతి పొందవలయునో, ఈ నియమములను వారు వదలలేదు. నిలోఫరు ఇంటిలో తురుష్క మర్యాదలను, బయట ఫ్రెంచి భాషను, ఫ్రెంచి వేషధారణమును నేర్చుచు పెరిగెను.

ఆ కాలమున దక్షిణాపథమున హైదరాబాదు సంస్థానము మిక్కిలి సంపన్నమై యుండెను. దాని వైశాల్యము రమారమి 82 వేల చదరపు మైళ్లు. నేడు సిద్దిపేట జిల్లాలో నున్న తొగుట మొదలుగాగల గ్రామములు నాడు ఆ సంస్థానమందలి మెదకు ప్రాంతమునకు చెందినవి. రైతులు చెరువుల క్రింద సేద్యము చేయుచు, నేతగాండ్రు మగ్గములమీద చీరలు నేయుచు జీవించెడి తెలుగు సీమ అది. ఆ సంస్థానమునకు ప్రభువు ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను. పదవి గోల్పోయి పరదేశమున నున్న ఖలీఫాకు ఆయన నెలకు 300 పౌనుల భృతి నేర్పాటు చేసెను. ఆ స్నేహమే సంబంధమునకు దారితీసెను. భారతదేశమందలి ముస్లిము నాయకుడైన షౌకతు అలీ మధ్యవర్తియై సంప్రదింపులు నడపెను. నిజాము పెద్దకుమారుడు ఆజం జాకు ఖలీఫా కుమార్తె దుర్రుషెహ్వారును, రెండవ కుమారుడు మొజం జాకు నిలోఫరును ఇచ్చి వివాహము చేయుటకు నిశ్చయమయ్యెను.

రాజకుటుంబముల పెండ్లి ఇరువురు వ్యక్తుల కలయికతో ముగియదు. అది రెండు వంశముల యొడంబడిక. కావున ఐరోపాలో రాజుల పెండ్లిండ్లకు బట్టల మొదలు పూలచెండు వరకు నియమము లేర్పడెను. పూర్వము అచటి రాచపెండ్లి కూతుండ్రు వెండి జరీతో మెరసెడి బరువైన దుస్తులు ధరించెడివారు. 1840 ఫిబ్రవరి 10వ తేదీన ఇంగ్లండు రాణి విక్టోరియా ఆల్బర్టును వివాహమాడినప్పుడు ఈ వాడుక మారెను. ఆమె తెల్లని పట్టు దుస్తు ధరించి, రత్నకిరీటమునకు బదులు నారింజపూల దండను తలపై నుంచుకొనెను. యంత్రముల పోటీవలన చేతి లేసు అల్లికవారు పని లేక బాధపడుచుండిరి. అట్టివారికి ఆదరువుగా రాణి తన దుస్తునకు వలయు లేసును డెవను ప్రాంతపు స్త్రీలచేత అల్లించెను. అనేకులు నెలల తరబడి ఆ పనివలన జీవించిరి. రాణి చేసినదానిని చూచి ప్రభువులును, పిదప సామాన్యులును పెండ్లికి తెలుపునే కోరసాగిరి. వరుడు సైనికాధికారి దుస్తు ధరించుట కూడ ఐరోపా రాచపెండ్లిండ్లలో సంప్రదాయమయ్యెను. 1923లో ఎలిజబెత్ బోస్-లయను అను వధువు వెస్టుమినిస్టరు దేవాలయములో నున్న అజ్ఞాత సైనికుని సమాధిపై తన పూలచెండు నుంచెను. నాటినుండి ఆంగ్ల రాజవంశపు వధువులు తమ చెండును ఆ సమాధికి పంపుట ఆచారమైనది. తురుష్క రాజవంశమున వధువునకు మొదట ఎరుపు శుభవర్ణము. ఐరోపా ప్రభావముచే అచటను క్రమముగా తెలుపు ప్రవేశించెను.

1931 నవంబరు 12వ తేదీన నీసు పట్టణమున ఖలీఫా నివసించిన కరబసెల్ భవనములో రెండు వివాహములును జరిగెను. దుర్రుషెహ్వారునకు పదునేడేండ్లు, నిలోఫరునకు పదునైదేండ్లు. ఇస్లాము ధర్మము ననుసరించి నిఖా జరిగెను. వరుడు వధువునకు చెల్లించుటకు ఒప్పుకొనెడి మహరు ధనము నిశ్చయింపబడెను. పిదప దంపతులు ఆంగ్లేయ రాయబార కార్యాలయమునకు వెళ్లి, చట్టప్రకారము వివాహమును నమోదు చేయించిరి. ఒకే పెండ్లిలో తురుష్కుల మర్యాద, హైదరాబాదు వైభవము, ఫ్రాన్సు పట్టణము, ఆంగ్లేయుల శాసనము ఏకమయ్యెను. స్థానిక పత్రికలు ఈ పెండ్లిని వేయిన్నొక్క రాత్రుల కథలతో పోల్చి వ్రాసెను. కాని వధువులలో చిన్నదానికి ఆ వైభవమున తన యిష్టముతో ఎంచుకొన్నది మిక్కిలి స్వల్పము. దేశమును పెద్దలు నిర్ణయించిరి, వరుని పెద్దలు నిర్ణయించిరి, ధరింపవలసిన వస్త్రమును సంప్రదాయము నిర్ణయించెను.

డిసెంబరు 12వ తేదీన నూతన దంపతులు ఇటలీలోని వెనిసు రేవున పిల్స్నా అను ఓడ నెక్కిరి. ప్రయాణకాలమంతయు వధువులకు పాఠశాల వలె గడచెను. నిజాము సభలో ఎట్లు నడువవలయును, ఎట్లు సలాము చేయవలయును, చీర ఎట్లు కట్టవలయును అను విషయములను వారికి ఓడలోనే బోధించిరి. కుట్టు లేని పొడవైన వస్త్రమును నడుమునకు చుట్టి, కుచ్చెళ్లు పోసి, పైట వేసికొనుట గౌనులకు అలవాటుపడిన ఆ బాలికలకు కొత్తవిద్య.

అదే ఓడలో బ్రిండిసి రేవునుండి మహాత్మాగాంధీ ప్రయాణము చేసెను. లండనులో జరిగిన రెండవ రౌండు టేబిలు సమావేశమునకు వెళ్లి ఆయన స్వదేశమునకు తిరిగి వచ్చుచుండెను. నీసు పెండ్లికి సరిగా ఒక వారము ముందు, నవంబరు 5వ తేదీన, ఐదవ జార్జి చక్రవర్తి బకింగుహాము భవనమున ప్రతినిధులకు విందు చేసెను. అట్టి చోటికి ఏ దుస్తులతో రావలయునో కఠినమైన నియమములు కలవు. గాంధీ తన కొల్లాయితో, శాలువతో, చెప్పులతోనే చక్రవర్తి యెదుట నిలిచెను. పేదవారి దుస్తు ఆయన స్వయముగా వరించినది. చక్రవర్తికొరకు దానిని మార్చుటకు ఆయన సమ్మతింపలేదు. ఒకే ఓడలో ఒకవైపు సభామర్యాదకు తగిన వస్త్రధారణమును అభ్యసించుచున్న రాకుమార్తెలు, మరియొకవైపు సభామర్యాదనే పక్కకు నెట్టిన జననాయకుడు. డిసెంబరు 28వ తేదీన ఓడ బొంబాయి చేరెను. అచటినుండి నిజాముగారి ప్రత్యేకమైన రైలుబండి వధూవరులను హైదరాబాదునకు కొనిపోయెను.

1932 జనవరిలో చౌమహల్లా భవనమున గొప్ప విందు జరిగెను. నిజాము దర్బారులో వస్త్రధారణమునకు స్థిరమైన నియమము లుండెను. మెడవరకు బొత్తాములు పెట్టిన షేర్వాణి, తలపై దస్తారు అను తలపాగ, నడుమునకు బగ్లూసు అను పట్టీ లేక ఏ కొలువుకాడును ప్రభువు నెదుటికి పోరాదు. రిక్తహస్తములతో పోవుటయు తప్పే. బంగారు అష్రఫీని, వెండి రూపాయలను చేతులలో నుంచుకొని వంగి నజరు సమర్పింపవలయును. ఇంత నియమము నడపిన ప్రభువు మాత్రము ఇంటివద్ద మిక్కిలి సాదాగా నుండెడివాడు. 1937లో టైము అను అమెరికా పత్రిక ప్రపంచమున అత్యంత ధనికుడని ఆయన చిత్రమును ముఖపత్రమున ముద్రించెను. కాని ఆయన ముదుక షేర్వాణితో, రూమీ టోపీతో కాలము గడపెడివాడు. రూమీ అనగా తురుష్క దేశమునకు సంబంధించినదని అర్థము. ఏ దేశము పేరున ఆ టోపీ హైదరాబాదులో గౌరవింపబడెనో, ఆ దేశముననే 1925లో శాసనము చేసి దానిని నిషేధించిరి. తన పుట్టినింట విడువబడిన టోపీని మెట్టినింట మామగారి తలపై చూచినపుడు నిలోఫరునకు తోచిన భావమును ఎవరైన నూహింపవచ్చును.

నిలోఫరు దంపతులకు నౌబతు పహాడు సమీపమున హిల్ ఫోర్టు అను రాతి భవనము నివాసమయ్యెను. మొజం జా కవిత్వమున నభిరుచి గలవాడు; నగరాభివృద్ధి సంస్థకు అధ్యక్షుడు. 1935లో నిర్మింపబడిన మొజంజాహి మార్కెట్టు ఆయన పేరిటిదే. నాటి హైదరాబాదులో ఉన్నత కుటుంబముల స్త్రీలు ఘోషా పాటించెడివారు. నిలోఫరు, ఆమె తోడికోడలు దుర్రుషెహ్వారు మాత్రము ముసుగు లేకుండ సభలకు వచ్చి, మహిళాసంఘములలో పాల్గొనిరి. వారిని చూచి అనేక కుటుంబములు తమ ఆడపిల్లలను బయటికి పంపుటకు ధైర్యము తెచ్చుకొనెను. నిలోఫరు లేడీ హైదరీ క్లబ్బునకు వచ్చి, తోడి స్త్రీలతో కలసిమెలసి యుండెను.

ఓడలో పాఠముగా నేర్చిన చీరను నిలోఫరు క్రమముగా తన సొంతము చేసికొనెను. బొంబాయి నగరమున మాధవదాసు అను వస్త్రవ్యాపారి ఆమెకొరకు పలుచని వస్త్రములపై జరీ పూసల పనితో చీరలు సిద్ధపరచుచుండెను. ఐరోపా విందులకు వెళ్లినను ఆమె గౌను వేయక చీరనే కట్టెను. ఆమె సౌందర్యమును, వేషమును దేశవిదేశముల పత్రికలు కొనియాడెను. తొగుట, దుబ్బాక, సిద్దిపేట సీమలో చీర నేతగాని ఇంట పుట్టును. నెత్తిన కుండ పెట్టుకొన్న గొల్లభామ బొమ్మను అంచున నేయుట సిద్దిపేట మగ్గముల ప్రత్యేకత. ఆ చీరకును, నిలోఫరు చీరకును వెలలో పోలిక లేదు. కాని రెండును కుట్టు లేని వస్త్రములే, రెండింటిని చుట్టు తీరును ఒక్కటియే. ఇస్తాంబూలున పుట్టి, నీసులో పెరిగిన స్త్రీకి ఈ దేశపు సామాన్యురాలితో మొదటి బంధుత్వము ఈ వస్త్రమువలన కలిగెను.

రెండవ ప్రపంచయుద్ధము వచ్చినప్పుడు నిలోఫరు నర్సు శిక్షణమును పొంది, సహాయకార్యములలో పాల్గొనెను. గాయములు కడుగు పనికి జరీచీర పనికిరాదు. ఎన్నో వేషములను ఇతరుల నిర్ణయమువలన ధరించిన ఆమె, సేవచేయువారి సాదా దుస్తును మాత్రము తన యిచ్ఛచేతనే స్వీకరించెను.

యుద్ధము ముగిసిన పిదప లోకము వేగముగా మారెను. 1947 ఆగస్టు 15వ తేదీన భారతదేశము స్వతంత్రమయ్యెను. హైదరాబాదు మాత్రము వేరుగా నుండెను. ఆ సంవత్సరమే నవంబరు 20వ తేదీన ఆంగ్ల రాకుమారి ఎలిజబెత్తు వివాహము లండనులో జరిగెను. యుద్ధానంతర దారిద్ర్యమువలన అచట బట్టలకు రేషను చీటీలుండెను. రాకుమారియైనను పెండ్లి దుస్తుకు వలయు బట్టను చీటీలతోనే పొందవలసి వచ్చెను. ప్రజలలో అనేకులు ప్రేమతో తమ చీటీలను ఆమెకు పంపిరి. ఒకరి చీటీని మరొకరు వాడుట చట్టవిరుద్ధము గనుక వాటిని తిరిగి పంపివేసిరి. ఎంతటి రాచమర్యాదయైనను కాలమునకు తల యొగ్గవలసినదే. ఆ వధువునకు నిజాము బహుమానమిచ్చెను. లండనులోని కార్టియరు నగల దుకాణమున ఇష్టమైన దానిని ఎన్నుకొనుమని తెలుపగా, ఆమె వజ్రముల హారమును, శిరోభూషణమును గ్రహించెను. ఆ హారమును ఆమె రాణియైన పిదప కూడ అనేక పర్యాయములు ధరించెను.

నిజాము ఏలుబడి తరువాతి సంవత్సరమే ముగిసెను. 1948 సెప్టెంబరు 17వ తేదీన హైదరాబాదు భారతదేశమున విలీనమయ్యెను. అదే సంవత్సరమున నిలోఫరు గృహజీవితము కూడ చెదరెను. ఆమెకు సంతానము కలుగలేదు. మొజం జా మరియొక వివాహము చేసికొనెను. బాల్యమున పుట్టినింటిని పోగొట్టుకొనిన స్త్రీ, ముప్పది రెండేండ్ల వయస్సున మెట్టినింట చోటును పోగొట్టుకొనెను.

ఆ దుఃఖకాలముననే ఆమె జీవితమునకు సార్థకత కలిగించిన సంఘటన జరిగెను. నిలోఫరు వద్ద రఫతున్నీసా అను పరిచారిక యుండెను. నిలోఫరునకు ఆమెపై మిక్కిలి ప్రేమ. 1949లో ఆ పరిచారిక ప్రసవవేదనతో మరణించెను. నాడు గ్రామములలో ప్రసవము మంత్రసాని చేతులలో జరుగుచుండెను. నగరమందు సైతము తల్లులకు, పసిబిడ్డలకు ప్రత్యేకమైన వైద్యశాల కొరతగా నుండెను. రాజభవనపు నీడలో బ్రతికిన స్త్రీయే కాన్పులో ప్రాణము విడిచినచో, మారుమూల పల్లెలోని స్త్రీకి దిక్కెవరు? తన కొక బిడ్డ కలుగలేదని వగచుచున్న నిలోఫరు, ఇతరుల బిడ్డలను, తల్లులను కాపాడవలయునని సంకల్పించెను. ఇక ఏ రఫతును ఆ విధముగా మరణింపరాదని నిశ్చయించి, మామగారైన నిజామునకు తన కోరికను విన్నవించెను. నిజాము అంగీకరించెను. నగరమందు రెడ్ హిల్సు అను చోట ఆసుపత్రి నిర్మింపబడి 1953లో వెలసెను. దానికి నిలోఫరు పేరే పెట్టిరి.

ఆసుపత్రి పని ఆరంభించు నాటికి నిలోఫరు హైదరాబాదు కోడలిగా లేదు. 1952లో ఆమెకు మొజం జాతో వివాహబంధము రద్దయ్యెను. అదే సంవత్సరము తురుష్క ప్రభుత్వము రాజవంశపు స్త్రీలు స్వదేశమునకు తిరిగి రావచ్చునని అనుమతించెను. ఐనను ఆమె తల్లితో ఫ్రాన్సులోనే నివసించెను. 1963లో పారిసు నగరమున ఎడ్వర్డు పోపు అను అమెరికా దేశస్థుని వివాహమాడెను. ఈ పెండ్లికి రెండు వంశముల యొడంబడిక లేదు, మధ్యవర్తులు లేరు. నలువది ఏడేండ్ల ప్రాయమున ఆమె స్వయముగా తన జీవితసహచరుని ఎన్నుకొనెను. 1989 జూను 12వ తేదీన నిలోఫరు పారిసులో కన్నుమూసెను. పారిసు సమీపమందలి బోబిన్యీ ముస్లిము శ్మశానమున తల్లి సమాధి చెంత ఆమెను ఖననము చేసిరి.

నిలోఫరు ధరించిన చీరలలో కొన్ని న్యూయార్కు నగరమందలి ఫ్యాషను విద్యాలయపు వస్తుప్రదర్శనశాలకు చేరినవి. వాటి జరీపని చూపరుల కన్నులకు పండువు. కాని వాటిని కట్టువారు లేరు. నీసు పెండ్లిలో పాటింపబడిన మర్యాదలు నేడు ఏ యింటను నడచుట లేదు. దర్బారు ముగిసినది. దస్తారులు పెట్టెలలో చేరినవి. స్వదేశీ సంస్థానాధీశుల బిరుదులకు గల గుర్తింపును 1971లో భారత రాజ్యాంగ సవరణము తొలగించినది. నియమముల వలన కలిగిన గౌరవము నియమములతోనే అంతరించినది.

అట్లు అంతరింపనిది ఆమె పేర వెలసిన వైద్యశాల. ఉస్మానియా వైద్యకళాశాలకు అనుబంధమై, ప్రభుత్వ పోషణమున అది తల్లులకు, శిశువులకు చికిత్స చేయుచున్నది. తెలంగాణమందలి పల్లెలనుండి తల్లులు జబ్బుపడిన బిడ్డలను చంకనెత్తుకొని అచటికి వత్తురు. తొగుట వంటి గ్రామమునుండి సిద్దిపేట మీదుగా బస్సులో ప్రయాణము చేసి, రాత్రి యనక పగలనక వాకిట నిలుచు తల్లికి నిలోఫరు అను మాట రాకుమారి పేరని తెలియకపోవచ్చును. ఆమె వివాహము ఎచట జరిగెనో, ఏ చీర కట్టెనో తెలియకపోవచ్చును. బిడ్డకు ఊపిరి నిలుచు చోటు అని మాత్రము ఆమెకు తెలియును. ఆ తల్లిని లోనికి రానిచ్చుటకు ఇచ్చట షేర్వాణి, దస్తారు, నజరు అవసరము లేదు. నలిగిన నేతచీరతో, దుమ్ముపట్టిన కాళ్లతో వచ్చినను ద్వారము తెరచియే యుండును.